మునక లెక్క

జమ్మలమడుగు చుట్టుపక్కల పది ఊళ్లలో ఈత వచ్చినవాళ్లు ఎందరైనా ఉండొచ్చు గానీ, మునక వచ్చినవాడు మాత్రం ఒక్కడే. మునక వీరన్న. ఈ మాట చెప్పింది వేరెవరో కాదు, వీరన్నే. ఆయన లెక్క ప్రకారం, పెన్నకు పెద్ద వరదొచ్చిన ఏడు గండికోట లోయలో దూకి, కొట్టుకుపోతున్న గొర్రెలను చెరో చంకన ఒకటి ఇరికించుకుని, ఊపిరి తీయకుండా మైలవరం దాకా పోయి తేలినాడు. గొర్రెలు కూడా ఊపిరి తీయలేదంట. వినేవాళ్లు నవ్వితే మూడో గొర్రెను కలిపేవాడు. మూడోదాన్ని ఎక్కడ పెట్టుకున్నావు మామా అని ఎవరైనా అడిగితే, అది నన్ను చూసి ఈత నేర్చుకునిందిలేప్పా అనేవాడు.

ఒక్క కథ మాత్రం నవ్వించడానికి చెప్పేది కాదు. అది ఓబులేసు కథ.

యాభై రెండేళ్ల కిందట, ఊరి బయట చేలల్లో ఉండే దిగుడుబావిలో వీరన్న, ఓబులేసు మునక పందెం వేసుకున్నారు. ఇద్దరికీ పంతొమ్మిదేళ్లు. ఇద్దరూ గొర్రెలు కాసేవాళ్లే, ఒకే కంబడి కప్పుకుని పడుకున్నవాళ్లే. పందెం పద్ధతి ఇది. ఒకడు బావి అడుగుకు పోయి, అక్కడుండే బండ కొన పట్టుకుని కూర్చోవాలి. రెండోవాడు నీళ్ల అంచున మెట్టు మీద కూర్చుని లెక్కబెట్టాలి. అనుకున్న లెక్క నిండగానే రెండు రాళ్లు నీళ్లలో ముంచి, ఒకదానికొకటి మూడు మార్లు కొట్టాలి. గట్టు మీద ఉండేవాళ్లకు ఆ చప్పుడు వినపడదు. అడుగున ఉండేవాడికి మాత్రం చెవి పక్కనే పిడుగు పడినట్టు ఉంటుంది. అది విన్నాకే పైకి రావాలి. చప్పుడుకు ముందే తేలినవాడు ఓడిపోయినట్టు. పందేనికి పొట్టేలు లేదు, పైసా లేదు. గెలిచినవాడికి దక్కేది ఒక్క పేరే.

ఆ రోజు ఓబులేసు కాలు అడుగున బండ సందులో ఇరుక్కుంది. వీరన్న రాళ్లు కొట్టినాడు. గట్టు మీది పావురాలు లేచిపోయేటట్టు కొట్టినాడు. వాడు రాకపోయేసరికి దూకినాడు. మూడు మార్లు మునిగి, నలుగురు పట్టినా కదలని బండను ఒక్క భుజంతో దొర్లించి, స్నేహితుణ్ణి ఎత్తుకుని పదిహేడు మెట్లూ ఎక్కినాడు. అప్పటికే ప్రాణం పోయింది. ఈ కథ చెప్పేటప్పుడు వీరన్న గొంతు వణికేది. ఎక్కడ వణకాలో సరిగ్గా అక్కడే వణికేది.

ఓబులేసు చెల్లెలు పెద్దసుబ్బమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. మా అన్నను నీళ్లపాలు కానీకుండా తెచ్చిచ్చినాడని, ఆ రోజు నుంచి వీరన్ననే అన్నా అని పిలిచింది. పెళ్లిలో తోడబుట్టినవాడు నిలబడాల్సిన చోట ఆయన్నే నిలబెట్టుకుంది. ఏటా శెనిక్కాయలు పెరికినప్పుడు మొదటి గంప వీరన్న ఇంటికే పంపింది. గంప వచ్చిన రోజు వీరన్న సరిగ్గా అన్నం తినేవాడు కాదు. పంటి నొప్పి అనేవాడు.

ఈ వేసవిలో ఆయనకు నిద్ర కరువైంది. బీపీ మాత్ర రెండు పూటలా మింగినా, కళ్లు మూస్తే గుండె దడదడమనేది. మాత్రలతో తీరేది కాదు, మనసు నెమ్మదించాలని చెప్పి డాక్టరు ఆయన్ను ప్రొద్దుటూరులో ప్రసన్నకుమారి మేడం దగ్గరికి పంపినాడు. ఆమె పులివెందుల మనిషి. నర్సుగా చేసి రిటైరై, ఒక బట్టల అంగడి మేడ మీద మధ్యాహ్నం మూడు గంటలకు క్లాసు నడుపుతోంది. చాపల మీద పడుకోబెట్టి, నీళ్లలోకి దిగుతున్నట్టు మాటలు చెబుతూ ఊపిరిని గమనించమంటుంది. నిద్ర పట్టనివాళ్లకు పడుతుందని పేరు. పెద్దసుబ్బమ్మకూ అదే జబ్బు కావడంతో ఇద్దరూ నయీం ఆటోలో కలిసి బయలుదేరినారు.

"మామా, నీకు ఊపిరి పీల్చడం నేర్పుతారంటనే," అన్నాడు నయీం మొదటి రోజు. "ఇంగ చేపకు ఈత నేర్పే క్లాసు యాడుందో కనుక్కుంటా."

మేడ మీది గదిలో ఎనిమిది చాపలు. కిటికీలకు నల్ల పరదాలు. అవి ఎగరకుండా అంచుల మీద కడప బండ ముక్కలు పెట్టి ఉన్నాయి. మూలన పెద్ద కూలరు వట్టివేళ్ల వాసన కొడుతూ తిరుగుతోంది. మేడం ఒడిలో చిన్న కంచు గంట. పక్కనే ఫోను. క్లాసులో చెప్పేదంతా అందులో పట్టి, సాయంత్రం అందరికీ వాట్సాప్‌లో పంపుతుంది, ఇంటి దగ్గర విని చేసుకోవడానికి.

నా ఊపిరిని గమనించాలంటే పంచాంగం కావాల మేడం, ఈ పొద్దు పీలిస్తే రేపు వదుల్తా అన్నాడు వీరన్న. అందరూ నవ్వినారు. మేడం కూడా నవ్వి, కళ్లు మూసుకోమంది.

ఆమె గొంతు భలే మెత్తగా ఉండేది. ఊపిరి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, అంతే చూడండి అనేది. మీ ముందర చల్లటి నీళ్లున్నాయి, కిందికి మెట్లున్నాయి, ఒక్కో ఊపిరికి ఒక్కో మెట్టు దిగండి అనేది. మొదటి రోజు వీరన్న మూడో మెట్టుకే గురకపెట్టినాడు. ఏడాదిలో అంత నిద్ర పోలేదని ఊరంతా చెప్పినాడు. చెప్పేటప్పటికి ఆ అరగంట రెండు గంటలైంది.

రెండో రోజు మెట్లు కనిపించినాయి.

మేడం ఏ మెట్లో చెప్పలేదు. ఆయనకు కనిపించినవి మాత్రం నల్లబండ మెట్లు. పదకొండో మెట్టు కొన విరిగి ఉంది. దాని మీద పచ్చటి పాచి. పావురాల రెట్ట వాసన. వీరన్న కళ్లు తెరిచి, నడుము పట్టేసిందని చెప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మూడో రోజు నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినాయి. చల్లగా లేవు. ఎండకు పైపైన కాగి, కింద మాత్రం ఐసుగడ్డలా ఉండే బావినీళ్లు. గది నిండా ఊపిరులు వినబడుతున్నాయి. ఎనిమిది మంది ఒకే మారు పీలుస్తున్నారు, ఒకే మారు వదులుతున్నారు. మేడం నేర్పిందే అది. ఆ సద్దులో ఎక్కడో ఒక ఖాళీ ఉన్నట్టు అనిపించింది ఆయనకు. అందరూ వదిలినా, ఎవరో ఒకరు వదలనట్టు.

నాలుగో రోజు ఆటోలో, ప్రొద్దుటూరు ఇంకా నాలుగు మైళ్లుందనగా, పెద్దసుబ్బమ్మ అడిగింది. వడగాలికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బయటికి చూస్తూనే.

"అన్నా, ఆ పొద్దు రాళ్ల చప్పుడు మా అన్నకు వినపడిందంటావా?"

యాభై రెండేళ్లలో ఆ పొద్దు గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. వీరన్న గొంతు సవరించుకున్నాడు. వినపడకేం, నేను కొట్టిన దెబ్బకు పెన్న అవతల ఉండేవాడికి కూడా వినపడింటాది, పాపం కాలే పట్టేసింది అన్నాడు. ఎక్కడ వణకాలో అక్కడ గొంతు వణికించినాడు. పెద్దసుబ్బమ్మ తలాడించింది. "శానా దినాల నుంచి అడగాలనుకుంటాండా," అని మాత్రం అన్నది.

ఆ రోజు కూడా ఎనిమిది చాపలూ నిండినాయి. వీరన్న పక్క చాప మీద పెద్దసుబ్బమ్మ పడుకుంది. బయట నిప్పులు కురుస్తున్నట్టు ఎండ. లోపల పరదాల చీకటి. మేడం ఫోను ఆన్ చేసి, మొదలుపెట్టింది. నాలుగో మెట్టు దగ్గర కరెంటు పోయింది. కూలరు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. దాని అడుగు తొట్టిలోకి నీటి చుక్కలు పడే చప్పుడొక్కటే మిగిలింది. టప్... టప్...

"పర్లేదు," అంది మేడం గొంతు. "నీళ్లు నడుము దాకా వచ్చినాయి. గొంతు దాకా వచ్చినాయి. మిమ్మల్ని ఏమీ చేయవు. ఇప్పుడు నెమ్మదిగా అడుగుకు పోయి కూర్చోండి. నేను గంట కొడతాను. గంట విన్నాకే పైకి రండి. అందాకా ఎవరూ రావద్దు."

ఆ చివరి మాట రోజూ చెబుతున్నదే. ఆ రోజే వీరన్న చెవిన పడింది.

లేద్దామనుకున్నాడు. కాళ్లు రాలేదు. పన్నెండో మెట్టు... పదమూడు... పావురాల వాసన పోయి బురద వాసన వచ్చింది. చెవుల్లో నీళ్ల బరువు. పైన వెలుగు పచ్చగా, తర్వాత నల్లగా. పదిహేడో మెట్టు దిగి, కాలు బురదలో పెట్టినాడు.

ఓబులేసు అక్కడే ఉన్నాడు.

బండ కొన రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్ల మొగం. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు... ఇంకా. వీరన్నను చూసి, ఒక చెయ్యి విడిచినాడు. రెండో చెయ్యి కూడా విడిచినాడు. రెండు పిడికిళ్లనూ నెమ్మదిగా ఒకదానికొకటి తాకించినాడు. మూడు మార్లు. ఆ తర్వాత కనుబొమలు పైకెత్తినాడు.

కొట్టినావా?

అంతే అడిగినాడు. కోపం లేదు. పందెంలో ఉండేవాడు లెక్క అడిగినట్టు అడిగినాడు.

లెక్క రెండు వందలు అనుకున్నారు ఆ రోజు. అంతకుముందు వీరన్న మునక నూటతొంభై. రెండు వందలకు రాళ్లు కొడితే పేరు ఓబులేసుది. రెండు వందలు వచ్చింది. రాళ్లు చేతుల్లోనే ఉన్నాయి, చేతులు నీళ్లలోనే ఉన్నాయి. ఇంకో పది చూద్దాం, వాడే వస్తాడు, ముందే వస్తే ఓడినట్టే కదా అనుకున్నాడు వీరన్న. ఇంకో పది. ఇంకో పది. రెండు వందల అరవై దగ్గర లెక్క ఆపేసినాడు. బుడగలు వచ్చినాయి. వస్తున్నాడు అనుకున్నాడు. రాలేదు. బండ సందు లేదు, ఇరుక్కున్న కాలు లేదు. దూకింది ఒక్క మారే. ఓబులేసు వేళ్లు బండ కొనను ఇంకా పట్టుకునే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ బండను ఇంకో చెయ్యి కూడా పట్టుకుని ఉంది. గాజుల చెయ్యి. వీరన్న తల తిప్పినాడు. ఓబులేసు పక్కనే పెద్దసుబ్బమ్మ కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల కాదు. అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు నీళ్లలో పైకి లేచి ఆడుతోంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. అన్నాచెల్లెళ్లిద్దరూ ఆయన వైపే చూస్తున్నారు.

ఎదురుచూస్తున్నారు.

వీరన్న గంట కోసం ఆగలేదు. ఎట్లా వచ్చినాడో, చాప మీద లేచి కూర్చున్నాడు. గది చీకటిగా ఉంది. ఎవరో ఊపిరి వదిలినారు, పీల్చినారు. పక్క చాప వైపు చూసినాడు. పెద్దసుబ్బమ్మ రొమ్ము కదలడం లేదు.

"మేడం," అన్నాడు. "మేడం... గంట కొట్టు."

మేడం గంట కొట్టింది. అందరూ కదిలినారు, ఆవులించినారు, కళ్లు తెరిచినారు. పెద్దసుబ్బమ్మ కదలలేదు. మేడం మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి మణికట్టు పట్టుకుంది. నాడి ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి లేదు. అమ్మా, పెద్దసుబ్బమ్మా అని చెంపలు తట్టింది. మళ్లీ గంట కొట్టింది. ఇంకా గట్టిగా.

ఆ గంట నీళ్ల అడుగుకు వినపడదని వీరన్నకు ఒక్కడికే తెలుసు.

పరదా అంచున ఉన్న బండ ముక్కలు రెండు లాక్కున్నాడు. పరదా లేచి ఎండ కత్తిలా లోపలికి పడింది. కూలరు దగ్గరికి పోయి, దాని పక్కనుండే వట్టివేళ్ల తడికె ఊడబెరికి, లోపలి తొట్టిలోకి చేతులు మోచేతుల దాకా ముంచినాడు. ఈ మారు వణుకు కథలో మాదిరి గొంతులోనే లేదు. ఒళ్లంతా.

"ఆ పొద్దు కొట్టలా సుబ్బమ్మా," అన్నాడు. "రాళ్లు చేతిలోనే ఉండె. నేను కొట్టలా. పేరు కోసరం కొట్టలా. ఇప్పుడు కొడతాండా... రామ్మా. పైకి రా."

నీళ్లలో రాళ్లు తాకినాయి. ఒకటి. రెండు. మూడు.

గదిలో ఎవరికీ ఏ చప్పుడూ వినపడలేదు. పెద్దసుబ్బమ్మ నోరు తెరుచుకుంది. ఈడ్చుకుంటూ ఊపిరి లోపలికి పోయింది, చిరిగిన గుడ్డ లాగినట్టు. దగ్గింది. కళ్లు తెరిచింది. చుట్టూ చూసి, తొట్టి దగ్గర మోకాళ్ల మీద ఉన్న వీరన్న దగ్గర చూపు ఆపింది. ఆయన మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఆమె కొంగు సర్దుకుంది. కరెంటు వచ్చి కూలరు మళ్లీ తిరిగింది.

ఆసుపత్రికి పోదామంటే పెద్దసుబ్బమ్మ వద్దనింది. తిరుగు దారిలో నయీం పక్కన ముందు సీటులో ఇరుక్కుని కూర్చుంది. వెనక సీటంతా వీరన్న ఒక్కడే.

మేడం కంగారులో ఉండి, రోజూ పంపినట్టే ఆ రోజు రికార్డింగు కూడా అందరికీ పంపేసింది. తర్వాత తీసేసింది గానీ, అప్పటికే అది ఊరు చేరింది. మరుసటి పొద్దున వీరన్న టీ అంగడికి పోతే, మూడో గొర్రె కథ అడిగి చెప్పించుకునేవాళ్లంతా తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఎవరూ తిట్టలేదు. తిట్టింటే బాగుండేది. టీ ఆయనే తీసుకున్నాడు, ఆయనే తాగినాడు, కాలుతోందని కూడా అనలేదు. మునక వీరన్నా అని ఆ పొద్దు ఒక్కరూ పిలవలేదు. ఆ పేరు వినపడకపోవడం, వినపడినదానికంటే గట్టిగా వినపడింది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎండ ముదురుతుండగా పెద్దసుబ్బమ్మ వచ్చింది, చేతిలో మనవడి ఫోను పట్టుకుని. వీరన్న లేచి నిలబడబోయినాడు. కూచో అన్నట్టు చెయ్యి చూపించి, తానూ అరుగు మీదే కూర్చుంది, ఆయనకు మూరెడు దూరంలో.

తిడుతుందని తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"నేనూ ఎంచినా ఆ పొద్దు," అంది. "గట్టు మీద కూచొని. నాకు నూరు వరకే వచ్చు. నూరు రెండు మార్లు ఎంచినా. ఇంగ వస్తాడులే అని మూడో మారు కూడా ఎంచినా."

వీరన్న తల ఎత్తలేకపోయినాడు.

"చిన్నపిల్లను, తప్పు ఎంచింటా అనుకున్యా. నువ్వు రాళ్లు కొట్టినానంటివి కదా. మరి నా లెక్కే తప్పు. యాభై రెండేండ్లు అట్లే అనుకుంటి అన్నా. పండుకుంటే అదే. ఒకటి నుంచి ఎంచుకుంటా ఉంటా."

క్షమించు అనే మాట వీరన్న నోటి దాకా వచ్చింది. అది మరీ చిన్న మాట అనిపించి లోపలే ఉండిపోయింది. జీవితమంతా చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పిన నోరు, పెద్దది ఒకటి చెప్పాల్సి వస్తే తెరుచుకోలేదు.

"ఆ పేరు వానికిచ్చేయ్," అంది ఆమె.

ఆయన తలాడించినాడు.

"ఇది విను." ఫోను ఇద్దరి మధ్యా బండ మీద పెట్టి, వేలితో నొక్కింది.

మేడం గొంతు. చుక్కల చప్పుడు. గంట, మళ్లీ గంట. తడికె ఊడిన చప్పుడు. ఆ తర్వాత వీరన్న గొంతు... కొట్టలా సుబ్బమ్మా... నేను కొట్టలా... తన గొంతు తనకే ఎవరో ముసలివాడిదిలా వినపడింది. అందులో గొప్పలు లేవు, వంకరలు లేవు. గదిలో వినపడని రాళ్ల చప్పుడు ఫోనులో స్పష్టంగా ఉంది. ఒకటి. రెండు. మూడు.

ఈడ్చుకుంటూ ఒక ఊపిరి.

"ఇది నాది," అంది పెద్దసుబ్బమ్మ.

దగ్గు. ఎవరివో మాటలు. కూలరు ఇంకా తిరగలేదు. అప్పుడు... ఫోనుకు మరీ దగ్గరగా... ఇంకొక ఊపిరి. పెద్దది. ఎన్నేళ్లో బిగబట్టినవాడు నీళ్లపైకి తలెత్తి ఒక్కసారిగా గాలి మింగినట్టు. ఆ తర్వాత గబగబా పీల్చుతూ, వదులుతూ, పీల్చుతూ. పరుగెత్తి వచ్చిన పిల్లవాడి రొప్పు.

ఇది ఎవరిది అని ఆమె అడగలేదు.

రికార్డింగు అయిపోయింది. ఫోను నల్లబడింది. బజారులో మనిషి లేడు, గాలి లేదు, వేపాకు కూడా కదలడం లేదు. వీరన్న ఊపిరి పీల్చినాడు. వదిలినాడు. పెద్దసుబ్బమ్మ పీల్చింది. వదిలింది. మేడం నేర్పినట్టే ఇద్దరి ఊపిరులూ ఒకటైనాయి, ఇద్దరూ ఒకేసారి ఊపిరి ఆపినారు.

ఆపినా, అరుగు మీద రొప్పు ఆగలేదు.

వీరన్న ఫోను వైపు చూసినాడు. అది నల్లగానే ఉంది. పెద్దసుబ్బమ్మ ఎటూ చూడలేదు. కొంగు కాళ్ల మీదికి లాక్కుని, అరుగు మీద కొంచెం పక్కకు జరిగింది. ఒక మనిషి కూర్చునేంత చోటు.